క్లాసుకన్నా ముందున్న పిల్లలకి గోదావరి జిల్లాల్లో ఏమున్నాయి, ఎలా అందుకోవాలి

మూడో తరగతి పిల్ల ఆరో తరగతి లెక్కలు చేసేస్తోందని తెలియగానే మన వైపు మొదట వినిపించే సలహా ఒకటే: "ఐఐటీ ఫౌండేషన్‌లో వేసెయ్యండి." ఆ ఫీజు కట్టేముందు ఒక్క ఏడాది కింద చెప్పిన పనులు చేసి చూడండి. ఏలూరు నుంచి కాకినాడ దాకా, రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఉన్న అవకాశాల్లో చాలావరకు ఉచితం. కాకపోతే వాటి గురించి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. సగం దరఖాస్తులు బడివాళ్లే పెట్టాలి. గడువు తేదీలేమో సరిగ్గా గోదావరి వరద రోజుల్లో పడతాయి.

ముందు మట్టం చూడండి

పిల్లలు ఎంత ముందున్నారో తెలుసుకోవడానికి తమ తరగతి పరీక్షలో వచ్చిన మార్కులు పనికిరావు. వందకి వంద వచ్చిందంటే పేపరు వాళ్లకి చాల్లేదని మాత్రమే అర్థం. పై తరగతి లెక్కల పుస్తకం తీసుకోండి. పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి, ఎన్‌సీఈఆర్‌టీవైనా రాష్ట్రానివైనా సరే. ఒక అధ్యాయం వాళ్లనే చదువుకోనిచ్చి, చివరి అభ్యాసంలోంచి పది లెక్కలు ఇవ్వండి. మీరు నేర్పకూడదు. ఎనిమిది సరిగ్గా చేస్తే ఇంకో తరగతి పైకి వెళ్లండి. నాలుగైదు దగ్గర ఆగిపోయిన చోటే వాళ్ల అసలు మట్టం. నేర్పడం అక్కడ మొదలుపెట్టాలి.

కంఠతా పట్టిన పిల్లలు కూడా ఈ పరీక్ష దాటేస్తారు కాబట్టి ఒక "ఎందుకు" కలపండి. 3/4ని 1/2తో భాగిస్తే 3/2 వస్తుంది. భాగించాక అంకె పెరిగిందేమిటి? "తిరగేసి గుణించాలి" అన్న జవాబు సూత్రం తెలిసిందని చెబుతుంది. ముప్పావు లీటరు పాలల్లో అర లీటరు గిన్నెలు ఎన్ని నిండుతాయో బొమ్మ గీసి, ఒకటిన్నర అని చెప్పిన పిల్లకి సంగతి తెలుసు.

ఐక్యూ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. కింద చెప్పిన ఏ పరీక్షకీ, ఏ స్కాలర్‌షిప్‌కీ ఐక్యూ సర్టిఫికెట్ అడగరు. అందుకని దాని కోసం పరుగెత్తొద్దు. ఒక్క సందర్భంలో మాత్రం చేయించాలి: మాటల్లో, ఆలోచనలో ఎంతో ముందుండి, రాయడంలోనో చదవడంలోనో బాగా వెనకబడి ఉంటే. తెలివితేటలూ అభ్యసన ఇబ్బందీ ఒకే పిల్లలో ఉండొచ్చు. ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది, బడిలో "మామూలు పిల్ల" అనేసి వదిలేస్తారు. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లండి. ఎక్కడున్నారో పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడిగితే చెబుతారు. వెళ్లేముందు పరీక్ష తెలుగులో చేస్తారా అని అడగండి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకి ఇంగ్లీషులో చేస్తే భాష దగ్గరే మార్కులు పోతాయి.

బడిలో ఏం అడగాలి

"మా వాడు మేధావండీ" అని మొదలుపెడితే హెడ్మాస్టారి దగ్గర మాట అక్కడితో ఆగిపోతుంది. పై తరగతి లెక్కలు చేసిన కాగితాలు పట్టుకెళ్లి క్లాసు టీచరు ముందు పెట్టండి. డబుల్ ప్రమోషన్ అడక్కండి. 2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతి అన్న లెక్క మీద నడుస్తుంది, బడికి ఆ చిక్కు తెచ్చిపెట్టడం వల్ల లాభం లేదు. అడిగితే దొరికేవి వేరే ఉన్నాయి. వచ్చిన లెక్కల్నే ఇరవైసార్లు రాసే హోంవర్కు తగ్గించి, దాని బదులు ఐదు కష్టమైనవి ఇమ్మనండి. వారానికి రెండు రోజులు లెక్కల పీరియడ్‌కి పై తరగతిలో కూర్చోనివ్వమనండి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇది టైంటేబుల్ దగ్గరే చెడుతుంది, రెండు తరగతుల లెక్కలూ ఒకే పీరియడ్‌లో ఉండవు. అందుకే జూన్‌లో, టైంటేబుల్ వేసే వారంలోనే అడగాలి. ఆగస్టులో అడిగితే ఎవరూ మార్చరు.

మీ బడిలోనో పక్క ఊరి బడిలోనో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. 6 నుంచి 12 తరగతుల కోసం కేంద్రం ఒక్కో ల్యాబ్‌కి 20 లక్షల దాకా ఇచ్చింది. త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, ఆర్డువినో బోర్డులు (పిల్లలు ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్లు) ఉంటాయి. చాలాచోట్ల అవి పాడవుతాయన్న భయంతో తాళం వేసి ఉంటాయి. "శనివారం రెండు గంటలు తెరవండి, నేనూ కూర్చుంటాను" అని ఒక తల్లో తండ్రో ముందుకొస్తే తాళం తీసే టీచర్లు ఉన్నారు.

ఒక మనిషిని వెతకండి

పుస్తకాలకీ వీడియోలకీ కొరత లేదు. పిల్ల వేసే మూడో ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషికే కొరత. డెల్టాలో అలాంటివాళ్లు మనం అనుకునేకన్నా దగ్గర్లో ఉన్నారు. మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉంది. స్వర్ణగా మనకి తెలిసిన ఎంటీయూ 7029 అక్కడిదే, ఎంటీయూ అంటేనే మార్టేరు. అంబాజీపేటలో కొబ్బరి మీద, కొవ్వూరులో అరటి మీద పరిశోధన కేంద్రాలున్నాయి. పెదవేగిలో ఆయిల్‌పామ్ జాతీయ సంస్థ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం, కాకినాడలో జేఎన్‌టీయూ, రాజమండ్రిలో నన్నయ విశ్వవిద్యాలయం. మొక్కలంటే పిచ్చి ఉన్న పిల్లకి కడియపులంక నర్సరీల్లో అంటుకట్టే పనివాళ్లు కూడా గురువులే.

పద్ధతి ఇది. బడి లెటర్‌హెడ్ మీద అర పేజీ ఉత్తరం, కేంద్రం అధిపతి పేర. పిల్ల పేరు, తరగతి, ఒకే ఒక్క ప్రశ్న, గంట సమయం కావాలన్న మాట. "సందర్శనకు అనుమతి" అని రాస్తే నలభై మంది విహారయాత్ర అనుకుని పక్కన పెడతారు. "రెండు వరి రకాల్ని ఎలా కలుపుతారో మా అమ్మాయి దగ్గరుండి చూడాలనుకుంటోంది" అని రాస్తే ఆ పని చేసే శాస్త్రవేత్త చేతికి చేరుతుంది. రోజు కూడా చూసుకుని అడగాలి. సార్వా వరి ఈనే రోజుల్లో, అంటే అక్టోబరు అటూ ఇటూ, పొద్దున్నే వెళ్లాలి. వరి పువ్వు విచ్చుకునేది పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్యే, అదీ కాసేపే. తర్వాత మూసుకుంటుంది. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే చూడ్డానికి ఏమీ మిగలదు. ఉత్తరానికి జవాబు రాకపోతే పది రోజులాగి హెడ్మాస్టారి చేత ఫోన్ చేయించండి.

లెక్కలకైతే డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, రిటైరైన మాస్టార్లు. వారానికి ఒక గంట చాలు. ట్యూషన్ చెప్పమనొద్దు, వారానికి మూడు గట్టి లెక్కలిచ్చి, తర్వాతి వారం పిల్ల ఎలా ఆలోచించిందో వినమనండి. ఎవరైనా సరే, పిల్లని ఒంటరిగా పంపొద్దు. వీధి అరుగు మీదో లైబ్రరీలోనో, మీరు కనిపించే దూరంలో ఉండి జరగాలి.

కాలవ గట్టు మీద ఒక పని

పోటీ పరీక్షలకన్నా ముందు ఒక పూర్తి పని చేయించండి: కొలవడం, తప్పులు పట్టుకోవడం, మళ్లీ కొలవడం. ఊరి పంటకాలవలో సెకనుకి ఎంత నీరు పోతోందో కనుక్కోవడం ఐదో తరగతి దాటిన ఎవరికైనా సరిపోతుంది. టేపు, తాడు, కిలో బరువు, ఫోన్లో స్టాప్‌వాచీ, అర లీటరు ప్లాస్టిక్ సీసా కావాలి. అంతే.

వంపు లేని చోట గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి బిగించి, పై కర్రకి కాస్త ఎగువన, మధ్య పాయలోకి విసరండి. రెండు కర్రల మధ్య పట్టిన సెకన్లు రాయండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. వంతెన మీంచి తాడుకి బరువు కట్టి, మీటరు మీటరుకీ లోతు చూసి దాని సగటూ తీయండి. 20 మీటర్లకి 40 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకి అర మీటరు. అడుగునా అంచుల్లోనూ నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి, 0.425 వస్తుంది. కాలవ వెడల్పు 8 మీటర్లు, సగటు లోతు 1.2 అయితే అడ్డుకోత వైశాల్యం 9.6 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే సెకనుకి సుమారు 4 ఘనపు మీటర్లు, అంటే 4 క్యూమెక్కులు.

ఎక్కడ తప్పుతుందంటే: ఖాళీ సీసా గానీ ఎండు కొబ్బరి డొక్క గానీ వేస్తే నీటిపైన తేలి గాలికి కొట్టుకుపోతుంది, కొలిచేది గాలిని అవుతుంది. లాకుకి ఎగువన చేస్తే నీరు నిలబడి ఉంటుంది. గుర్రపుడెక్క ఉన్నచోట సీసా చిక్కుకుంటుంది. పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క వస్తే పిల్ల తప్పనుకుంటుంది. ఈలోగా ఎగువన గేటు మార్చి ఉండొచ్చు. లాకుల దగ్గర నీటి మట్టం చూపే గేజి పలక మీద అంకె చూసి, ఆ రోజు లెక్క పక్కనే రాయించండి. ఇరవై రోజుల అంకెలు పోగయ్యాక గేజికీ నీటికీ సంబంధం గ్రాఫులో కనిపిస్తుంది. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండిన అడుగుని నేరుగా కొలిచి, తాడుతో కొలిచిన లోతులు ఎంత తేడా వచ్చాయో చూడొచ్చు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ ఈ పని అయ్యాక చూపిస్తే బాగుంటుంది. ముందే తీసుకెళ్తే 175 గేట్లు లెక్కపెట్టి ఐస్‌క్రీం తిని వచ్చేస్తారు. నీళ్ల దగ్గర ప్రతిసారీ పెద్దవాళ్లు పక్కనుండాలి, అంచు దిగి కొలవడం వద్దు.

సముద్రం దగ్గరున్నవాళ్లకి పోటు వేళలు రాయడం ఇంకా సులువు. అది రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఎత్తు పెరుగుతుంది. కాకినాడ వైపు వాళ్లకి కోరింగ మడ అడవులున్నాయి. చలికాలంలో వలస పక్షులొస్తాయి, జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. అటవీశాఖ వాళ్లని ముందే అడిగితే పిల్లల్ని లెక్కింపులో వెంట తిరగనివ్వొచ్చు.

బడి ద్వారా వెళ్లేవి

ఇలాంటి పని చేతిలో ఉంటే ఇన్‌స్పైర్ మానక్‌కి, అంటే బడిపిల్లల కొత్త ఆలోచనలకి కేంద్రం పెట్టే పోటీకి, వెళ్లడం తేలిక. బడి నుంచి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి పిల్ల బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి, తర్వాత జిల్లా, రాష్ట్ర ప్రదర్శనలు. గడువు మామూలుగా సెప్టెంబరు మధ్యలో. టీచరే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి కాబట్టి జులైలోనే ఒక పేజీ రాసి ఆయన చేతిలో పెట్టండి. ఆటోమేటిక్ వీధి దీపాలు, తేమ చూసి నీళ్లు పెట్టే మోటారు వంటివి యూట్యూబ్ నుంచి వేలమంది పంపుతారు, అవి పోతాయి. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోవడం, కొబ్బరి ఒలుపులో చేతులు కోసుకోవడం వంటి, పిల్ల కళ్లతో చూసిన సమస్యని పట్టుకోండి.

చెకుముకి సైన్స్ సంబరాలు జనవిజ్ఞాన వేదిక జరుపుతుంది. 8, 9, 10 తరగతుల పిల్లలు జట్టుగా మండలం నుంచి రాష్ట్రం దాకా వెళ్లొచ్చు, తెలుగులో రాయొచ్చు. విద్యార్థి విజ్ఞాన మంథన్ ఆరో తరగతి నుంచి ఆన్‌లైన్ పరీక్ష.

పరీక్షలు: ఏది, ఎప్పుడు, ఎలా పోతుంది

నవోదయ: ఐదో తరగతిలో రాస్తే ఆరులో చేరతారు. గోదావరి జిల్లాల్లో పెద్దాపురం, పెదవేగిలో ఉన్నాయి. జిల్లాలు విడిపోయాక మీది దేని కిందికి వస్తుందో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం మార్కులు బొమ్మలతో ఉండే మేధాశక్తి ప్రశ్నలకే. మిగతా సగం లెక్కలకీ భాషకీ. తెలుగులో రాయొచ్చు. రెండోసారి రాయనివ్వరు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకి, కానీ 3, 4, 5 తరగతులు మూడూ పల్లెటూరి బడిలోనే చదివి ఉండాలి. "నవోదయ కోచింగ్ బాగుంటుంది" అని ఐదో తరగతికి పిల్లని టౌన్ బడికి మార్చినవాళ్లు సరిగ్గా ఈ కోటాని పోగొట్టుకుంటారు.

ఎన్‌ఎంఎంఎస్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి ప్రతిభ మీద ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్): దీని మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి, దీన్ని పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో 8వ తరగతి చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే రాయొచ్చు. 7వ తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకి 50 శాతం ఉండాలి. ఆశ్రమ పాఠశాలల వాళ్లకి అర్హత లేదు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. మేధాశక్తికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకి 90. తప్పుకి మార్కులు తగ్గవు, కాబట్టి ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలొద్దని పిల్లకి గట్టిగా చెప్పండి. రెండు భాగాలూ కలిపి 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకి 32.

పరీక్ష నెగ్గాక డబ్బు రానిది కాగితాల దగ్గర. బడి రికార్డులో "వి. సాయి దుర్గ", ఆధార్‌లో "వెంకట సాయిదుర్గ", బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ఒప్పుకోదు. ఏడో తరగతి వేసవి సెలవుల్లోనే మూడింటిలో అక్షరం తేడా లేకుండా చేయించండి. ఖాతా పిల్ల పేరునే ఉండాలి, ఆధార్‌తో ముడిపడి ఉండాలి, ఏడాదిపాటు వాడక నిద్రలోకి పోకూడదు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ముందే పెట్టండి. మొదటి ఏడాది కొత్తగా నమోదు, తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. ఇంటర్‌లో చేరాక కాలేజీలో ఎవరూ గుర్తుచేయరు, అక్కడే చాలామందికి ఆగిపోతుంది. ప్రైవేటు కాలేజీకి మారినా పోతుంది.

లెక్కల్లో నిజంగా లోతున్న పిల్లలకి 8వ తరగతి నుంచి ఐఓక్యూఎం (గణిత ఒలింపియాడ్‌కి తొలి మెట్టు పరీక్ష) ఉంది. సెప్టెంబరులో, మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు సంఖ్య. ఆప్షన్లు ఉండవు. సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ), బీజగణితం, సంయోజన గణితం (కాంబినటోరిక్స్), జ్యామితి. బడి పుస్తకంలో సంఖ్యా సిద్ధాంతం, సంయోజన గణితం సగం కూడా ఉండవు. పేపరు తెలుగులో రాదు, కాబట్టి ఏడో తరగతి నుంచే లెక్కల మాటలు ఇంగ్లీషులో అలవాటు చేయాలి. పాత పేపర్లు హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం (హెచ్‌బీసీఎస్‌ఈ) వెబ్‌సైటులో ఉచితం. నెలకి ఒక పేపరు తీసుకుని, రోజుకి ఒకే లెక్క మీద అరగంట కూర్చోబెట్టండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు. తెరిచి చూసిన మరుక్షణం పరిష్కారం చదివేసే అలవాటు పడితే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే. సైన్సుకి ఎన్‌ఎస్‌ఈజేఎస్ (జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ తొలి మెట్టు), పదో తరగతి దాకా చదివేవాళ్లకి, నవంబరులో. రెండింటికీ సెంటర్లు కొన్ని బడుల్లోనూ కాలేజీల్లోనూ మాత్రమే పడతాయి. జులై చివర్లోనే సెంటర్ల జాబితా చూసుకోండి.

తొమ్మిదో తరగతిలో ఇస్రో యువిక (యువ విజ్ఞాని కార్యక్రమం) ఉంది. మేలో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో, శ్రీహరికోట కూడా అందులో ఒకటి. ఎంపికలో సగం వెయిటేజీ 8వ తరగతి మార్కులది, 15 శాతం పంచాయతీ పరిధిలోని బడి అన్నందుకే వస్తుంది. పల్లెటూరి పిల్లకి ఇది అనుకూలం. సైన్సు ఫెయిర్లకి వేరే పాయింట్లున్నాయి, అందుకే ఇన్‌స్పైర్ సర్టిఫికెట్ దాచుకోండి.

పదయ్యాక నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఆరేళ్ల చదువు, ప్రవేశం పదో తరగతి మార్కుల మీద.

ఎవరైనా ఎన్‌టీఎస్‌ఈ, కేవీపీవై (ఒకప్పటి జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ పరీక్షలు) కోచింగ్ అని కరపత్రం ఇస్తే జాగ్రత్త. ఎన్‌టీఎస్‌ఈ 2021లో ఆగిపోయింది, కేవీపీవైని 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. ప్రైవేటు సంస్థలు "ఒలింపియాడ్" పేరుతో పెట్టే పరీక్షలు వేరు. ఫీజు కట్టిన ప్రతి బడికీ పతకాలు వస్తాయి, అవి ఎక్కడా చెల్లవు. సరదాకైతే ఒకటి రాయనివ్వండి.

పుస్తకం, బొమ్మ, పాట

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పెద్ద పిల్లలకి, అక్కడ తాళపత్రాలు కూడా ఉన్నాయి. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో కావలసిన పుస్తకం లేకపోతే కొనమని అడిగి రాయించండి. ఫోన్లో చదివేవాళ్లకి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు, అరవింద్ గుప్తా సైటులో చెత్తతో చేసే బొమ్మల తెలుగు పుస్తకాలు ఉచితం. బొమ్మలేసే పిల్లని రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకి తీసుకెళ్లండి. ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయిన మనిషి ఎంత గీశాడో చూడాలి. సంగీతం, నాట్యం గురువు దగ్గర నేర్చుకుంటున్న 10 నుంచి 14 ఏళ్ల వాళ్లకి సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ సంస్థ) స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 3,600తో పాటు గురువు ఫీజులో కొంత ఇస్తారు. కూచిపూడి నుంచి హరికథ లాంటి అరుదైన కళల దాకా అందులోకి వస్తాయి.

వారం, ఏడాది ఎలా పంచుకోవాలి

వారంలో ఒక గంట ఆ మనిషి దగ్గర, రెండు గంటలు సొంత ప్రాజెక్టు, రోజుకి అరగంట గట్టి లెక్క. అంతకు మించి వద్దు. ఏడాదికి రెండు పరీక్షలు చాలు. నిద్ర తగ్గడం, ఒక్క తప్పుకే కాగితం చింపేయడం, కడుపునొప్పి పేరుతో బడి ఎగ్గొట్టడం కనిపిస్తే పరీక్షలు ఆపి ప్రాజెక్టు ఒక్కటే ఉంచండి.

నవోదయ, ఐఓక్యూఎం, ఇన్‌స్పైర్, ఎన్‌ఎంఎంఎస్, ఎన్‌ఎస్‌ఈజేఎస్ దరఖాస్తులన్నీ జూన్ చివరి నుంచి అక్టోబరు లోపే నడుస్తాయి. లంక గ్రామాల్లో రేవు దాటలేని రోజులూ, కరెంటు లేని రోజులూ ఆ నెలల్లోనే. ఫోటోలు, ఆధార్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్, పాస్‌బుక్ మొదటి పేజీ జూన్‌లోనే స్కాన్ చేయించి ఫోన్లో ఒకచోట, అవతలి గట్టున ఉన్న చుట్టాల ఫోన్లో ఇంకోచోట పెట్టండి. నీళ్లు ఎక్కినా వాళ్లు అక్కడి నెట్ సెంటర్‌కి వెళ్లి దరఖాస్తు పెట్టేస్తారు. ఓటీపీ వచ్చే నంబరు మాత్రం మీ దగ్గరున్నదే ఇవ్వండి, సెల్‌టవర్ పోయే ఊరైతే వాళ్లది ఇవ్వండి.